ఒట్టోకర్ బాబాయి అంతిమయాత్రకు జనం

వియన్నా చూపించి బతికేదాన్ని కనుక చెబుతున్నాను, ఈ ఊరు చూడ్డానికి వచ్చేవాళ్ళంటే నాకు పరమ రోత. రాజభవనం ముందు నిలబెట్టి చక్రవర్తుల సంగతి చెబుతుంటే మరుగుదొడ్డి ఎక్కడని అడుగుతారు. పెద్ద చర్చిలో ప్రార్థించుకుంటున్న ముసలమ్మ నెత్తి మీదుగా ఫోన్లు చాపుతారు. పేరుమోసిన చాక్లెట్ కేకు ఒక్క ముక్క కొని నలుగురూ పంచుకుని, ఇంతేనా అని పెదవి విరుస్తారు. ఇవి చాలక మా పెద్ద శ్మశానం కూడా చూడదగ్గ చోటైపోయింది. గొప్ప సంగీతకారులు అక్కడున్నారట. ఛీ, చచ్చినా వదలరు.

మే నెలలో ఒకరోజు సెలవు పెట్టి ఆ శ్మశానానికే వెళ్ళాను. మా ఒట్టోకర్ బాబాయిని పూడ్చేది ఆ రోజే. మా ఊళ్ళో మనిషి ఎలా బతికాడన్నది ఎవరికీ పట్టదు, ఎంత ఘనంగా పోయాడన్నదే చెప్పుకుంటారు. ట్రామ్ నడిపినంత కాలం బాబాయి దానికోసమే కూడబెట్టాడు. టోపీలు పెట్టుకుని పెట్టె మోసేవాళ్ళు, బాజాలు, బండెడు పూలు, ఆ తర్వాత హోటల్లో అందరికీ ఉడికించిన గొడ్డుమాంసం. అన్నీ అమిరాయి. జనమే లేరు.

ఎందుకు వస్తారు? ఊరి చివర మావాళ్ళకు పక్కపక్కనే చిన్న చిన్న తోటలుంటాయి. ఎవరి కంచె బెత్తెడు ఎత్తు పెరిగినా బాబాయి తోటల సంఘానికి ఫిర్యాదు చేసేవాడు. ఆదివారం పూట ఎవడైనా గడ్డికోత మిషను తిప్పితే పోలీసుల్ని పిలిచేవాడు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు గానీ, ఆ మాట అనడానికైనా ఒక్కడూ రాలేదు. మంచి ఎండ కాస్తోంది, అందరూ ఆ తోటల్లోనే చల్లగా బీరు తాగుతూ ఉంటారు. వాళ్ళ మీదా నాకు అసహ్యం వేసింది. శవం మీదా పంతమేనా?

గుంట దగ్గర హెర్మీనె పిన్ని, నేను, ఫాదర్, అంతే. మొదలుపెడదామా అని ఫాదర్ రెండుసార్లు అడిగాడు. వెనక బాజావాళ్ళు గుసగుసలాడుతున్నారు. పిన్ని గేటు వైపు నుంచి చూపు తిప్పలేదు.

"ఇంకాస్త ఆగండి ఫాదర్. ట్రామ్ ఆలస్యమై ఉంటుంది," అంది.

బాబాయిని దిక్కులేని పీనుగులా పంపితే ఈవిడ మళ్ళీ ఆ తోటల్లో తలెత్తుకుని తిరగలేదు.

అప్పుడే సంగీతకారుల సమాధుల వైపు నుంచి గొడుగు పైకెత్తి పట్టుకుని గుంటర్ వచ్చాడు. నాతోపాటు పనిచేసే గైడే. వెనక ముప్పై మంది దాకా మంద. ముందు నడిచేవాడు నిక్కరు వేసుకుని చేతిలో సాసేజ్ కొరుక్కుంటున్నాడు. వాణ్ణి చూడగానే ఒళ్ళు మండింది. అయినా నా కాళ్ళు అటే నడిచాయి.

"గుంటర్, అసలు సిసలు వియన్నా అంతిమయాత్ర చూపిస్తానని చెప్పు వీళ్ళకి. ఫోన్లు జేబులో పెట్టమను. ఆ సాసేజ్ పారేయమను," అన్నాను. అంటుంటే నా నోరే నాకు కంపు కొట్టినట్టయింది.

వచ్చారు. బాజాలు మోగాయి. పెట్టెను కిందికి దించాక వరసగా నిలబడి చిన్న పారతో తలా ఇంత మట్టి వేశారు. పిన్ని చెయ్యి పట్టుకుని ఎవరి భాషలో వాళ్ళు ఏదో గొణిగారు. నిక్కరువాడు కళ్ళు తుడుచుకున్నాడు కూడా, వాడి మొహం మండ. వీళ్ళెవరని పిన్ని అడిగితే, బాబాయితో పనిచేసిన ట్రామ్ వాళ్ళని చెబుదామని అబద్ధం సిద్ధం చేసుకున్నాను.

పిన్ని అడగలేదు. టోపీ సర్దుకుని నా మోచెయ్యి పట్టి దగ్గరకు లాగింది.

"ఆ నిక్కరువాణ్ణి ఫోటో తియ్యమను. వాడే తీస్తే వాడి మోకాళ్ళు పడవు. గుంటా, పూలూ, నేనూ, వెనకాల వీళ్ళంతా రావాలి. తోటల సంఘం బోర్డు మీద అంటిస్తాను," అంది.

ఆమె కళ్ళల్లో తడి లేదు. ఛీ, ఎంతకు దిగజారాం అనుకుంటూనే ఆ జనం వైపు తిరిగాను. ఇంకాస్త దగ్గరగా జరగండి, గుంపు పెద్దగా కనబడాలి అని వాళ్ళకు చెప్పాను.