ఉచ్చంగెమ్మ ఇచ్చిన మాత్ర

కన్నడ సీమ అంచున ఉన్న హచ్చొళ్ళి ఊళ్ళో, వరినాట్లు వేసే ఆడవాళ్ళ ముఠాలో ఒక ఆచారం ఉంది. ఒకరి కొంగుముడిలో ఉన్నది అందరిదీ. ఆకు, వక్క, పొగాకు, ఆఖరికి జ్వరం మాత్ర కూడా. అడిగినా ఇవ్వనిదాన్ని పిసినారి అంటారు, అడక్కముందే ఇచ్చేదాన్ని పెద్దను చేస్తారు. ఉచ్చంగెమ్మ ముఠాకు పెద్దయింది అలాగే. ఇచ్చే గుణం మంచిదే, కాదనను. కానీ ఏది ఇవ్వకూడదో తెలిసి కూడా ఇచ్చే గుణం కొంపలు ముంచుతుంది.

ఆమెకు ఒంటి తలనొప్పి ఉంది. వచ్చిందంటే వెలుతురు చూడలేదు, తిన్నది కడుపులో నిలవదు. సిరుగుప్ప డాక్టరు దానికి మైగ్రేన్ అని పేరు చెప్పి మాత్రలు రాశాడు. నొప్పి మొదలవగానే ఒకటి మింగమన్నాడు. తగ్గి మళ్ళీ వస్తే రెండు గంటలు ఆగి ఇంకొకటి, రోజుకు అంతే. వారానికి రెండు రోజులు దాటి వాడితే ఆ మాత్రలే తలనొప్పి తెచ్చిపెడతాయన్నాడు. ఇది రక్తనాళాలను బిగిస్తుంది, బీపీ ఉన్నవాళ్ళకూ గుండెజబ్బు వాళ్ళకూ ప్రమాదం, ఎవరడిగినా ఇవ్వొద్దని మరీ మరీ చెప్పాడు. ఉచ్చంగెమ్మ బుద్ధిగా విని తలూపింది. తన ఒంటి వరకు అన్నీ బుద్ధిగానే పాటించింది కూడా.

ఆ రోజు సాయంత్రానికి కాలువ నీళ్ళు కట్టేస్తారని కబురొచ్చింది. గుత్తకు ఒప్పుకున్న మడిలో ఇంకో మునుం, అంటే ఒక వరస, నాటాల్సి ఉంది. అప్పుడే ముఠాలోని సిద్దక్క తల పట్టుకుని గట్టు మీద కూలబడింది. ఎండదెబ్బకు కణతలు పగిలిపోతున్నాయంది. సిద్దక్క బీపీ మనిషి. ఆ మందులు కొనుక్కోవడానికి మెడికల్ షాపు దాకా తోడెళ్ళేది ఉచ్చంగెమ్మే. డాక్టరు మాట గుర్తుకు రాకపోలేదు. ఉచ్చంగెమ్మ నాటని మడి వైపు ఒకసారి చూసి కొంగుముడి విప్పింది.

"ఇది మింగు సిద్దక్కా. తల దిగుతాది. మునుం ఐతానే ఇంటికి పోదాం."

సిద్దక్క మింగి మడిలోకి దిగింది. తలనొప్పి తగ్గిందో లేదో గాని, మునుం సగంలోనే ఎద మీద బండ పెట్టినట్టుందంటూ బురదలో కూర్చుండిపోయింది. ఆడవాళ్ళంతా కలిసి ఆమెను మోసుకొచ్చి ఆటో ఎక్కించారు. ఉచ్చంగెమ్మ తోడు కూర్చుంది.

దారి పొడుగునా సిద్దక్క ఆమె చెయ్యి వదల్లేదు. "మాత్ర సంగతి యాడా చెప్పొద్దు ఉచ్చంగీ. నీకు మాటొస్తాది," అంది. తిట్టినా బాగుండేది. ఆ మాటతో ఉచ్చంగెమ్మకు ప్రాణం సగం పోయింది.

సిరుగుప్ప ఆసుపత్రిలో డాక్టరమ్మ ఏమైనా మందు మింగావా అని కన్నడంలో అడిగింది. సిద్దక్క "ఏనూ ఇల్ల", ఏమీ లేదు, అంటూ తల అడ్డంగా ఊపింది. ఉచ్చంగెమ్మ గోడకు ఆనుకుని నోరు మూసుకుంది. ముఠాలో తలెత్తుకోలేనని ఒక భయం, సిద్దక్క మొగుడు కెంచప్ప ఊరుకోడని ఒక భయం. మనిషి కళ్ళముందు చెమటలు కక్కుతుంటే ఈమె మనసు తన పరువు చూసుకుంటోంది. సిగ్గులేని మనసు. డాక్టరమ్మ రెండోసారి అదే అడిగింది. సిద్దక్క పెదవులు తెల్లబడ్డాయి. అప్పటికి గాని ఉచ్చంగెమ్మ మాత్రల పట్టీ తీసి బల్ల మీద పెట్టలేదు.

"నేనే ఇచ్చినా మేడమ్. ఈమెకు బీపీ ఉండాది."

డాక్టరమ్మ కోప్పడలేదు. పట్టీ మీది పేరు చదివి, ఎప్పుడు మింగిందో కనుక్కుని, ఈసీజీ తీయించి, దానికి తగ్గట్టు వైద్యం మొదలుపెట్టింది. పొద్దు వాలేసరికి నొప్పి దిగింది. గండం తప్పిందని, అయినా రేపటిదాకా ఇక్కడే ఉంచుతామని చెప్పింది.

రైసు మిల్లులో హమాలీ చేసే కెంచప్ప ఒంటినిండా తవుడుతోనే పరుగెత్తుకొచ్చాడు. ఏం మింగిందో ఈమె పట్టీ చూపించి చెప్పింది కాబట్టి సరిపోయిందని డాక్టరమ్మ ఆయనతో అంది. పాపం, తెలియక ఇచ్చినట్టుందని తనే సర్దిచెప్పింది కూడా. కెంచప్ప వరండాలోకి వచ్చి ఉచ్చంగెమ్మకు చేతులు జోడించాడు. తెలియక చేసినదానికి ఏడవద్దమ్మా, నా ఇల్లు నిలబెట్టినావు అన్నాడు.

ఊరుకుంటే అక్కడితో అయిపోయేది. పైగా ఊళ్ళో మంచిపేరు. కానీ ఆ జోడించిన చేతులను చూస్తూ నిలబడటం ఆమె వల్ల కాలేదు.

"తెలీక ఇయ్యలేదన్నా. బీపీ వాళ్ళకు ఇయ్యొద్దని డాక్టరు ముందే చెప్పినాడు. పని ఐపోవాలని ఇచ్చినా."

కెంచప్ప చేతులు మెల్లగా విడిపోయాయి. ఈ సంగతి సిద్దక్కకు తెలుసా అని అడిగాడు. తెలియదంది.

"ఐతే నువ్వే పోయి చెప్పు. నా నోట రాదు," అన్నాడు.

ఉచ్చంగెమ్మ లోపలికి వెళ్ళింది. సిద్దక్క కళ్ళు తెరిచి, ఆమెను చూసి నవ్వింది. ఎంతసేపని నిలబడతావు, వచ్చి కూర్చో అంటూ కాళ్ళు ముడుచుకుని మంచం మీద చోటిచ్చింది.

ఉచ్చంగెమ్మ నిలబడే చెప్పడం మొదలుపెట్టింది.