మొహం కనపడని చోట

“నీదేముంది వదినా, నోటి పని. చేతులు ఖాళీయేగా!” అంటూ తమ్ముడి పెళ్లాం ఇంకో నాలుగు చొక్కాలు తెచ్చి ఇస్త్రీబల్ల మీద పడేసింది. ఆమె కాదనలేదు. కాలరు మీద ఇస్త్రీపెట్టె నడిపిస్తూనే ఆ పూట చెప్పాల్సిన డైలాగు సాధన చేసుకుంది. డైలాగంటే ఎంతని? “జాగ్రత్త.” అంతే.

పిల్లల బొమ్మల సీరియల్లో నర్సుగా కనిపించే హీరోయిన్‌కి ఆమె గొంతిస్తుంది. హీరో పేరు ఉక్కురెక్కలవాడు. కూలే వంతెనని వీపు మీద మోస్తాడు, దొర్లే కొండకి అడ్డం నిలబడతాడు. మేడమీద ఎదురుచూసే నర్సు దగ్గరికొచ్చేసరికి మాత్రం మహానుభావుడికి నాలుక మడత పడుతుంది. “నీతో ఒక మాట...” అంటాడో లేదో, ఎక్కడో సైరన్ మోగుతుంది. తుర్రుమంటాడు. ఆ పిల్ల అతను పోయిన దిక్కుకేసి చూస్తూ “జాగ్రత్త” అని నిట్టూరుస్తుంది. సీరియల్ మొదలైన నాటినుంచీ ఇదే తంతు. ఈలోగా ఆ ఊరు ఎన్నిసార్లు చచ్చి బతికిందో, ఆ ఒక్క మాట మాత్రం పుట్టలేదు.

“హీరోయిన్‌కి మాటలెక్కడివమ్మా, ఊపిరులేగా! గంటలో వెళ్లిపోవచ్చు” అంటాడు డైరెక్టరు, ఏదో మేలు చేసినట్టు. ఆ గంట కోసం ఆమె ఇంటిల్లిపాదికీ వండిపెట్టి, డబ్బాలు సర్ది, పరుగున వస్తుందని అతనికేం తెలుసు? వచ్చేది గంట కోసమా, పక్క మైకు ముందు నిలబడే మనిషి కోసమా అన్నది అసలే తెలీదు. ఉక్కురెక్కలవాడి గొంతు ఆ మనిషిది. స్టూడియోలో అందరూ ‘ఉరుము’ అంటారు. మైకు ముందునుంచి పక్కకొస్తే, టీ గ్లాసు కింద పెట్టినా చప్పుడు కానివ్వడు. ఆమెకి జలుబు చేస్తే తన వేడినీళ్ల ఫ్లాస్కు మాట్లాడకుండా ఇటు జరుపుతాడు. పనయ్యాక గుమ్మందాకా వచ్చి, “మీతో ఒకటి చెప్పాలండీ” అంటాడు. గొంతు సవరించుకుంటాడు. “ఆ... తర్వాత చెప్తాలెండి.”

ఆ ‘తర్వాత’ని కొంగున ముడేసుకుని ఇంటికి పోయేది. అంట్లు తోముతూ విప్పి చూసుకునేది. తోమిన గిన్నెనే మళ్లీ తోముతుంటే మరదలు నవ్వేది: “వదినా, అది అరిగి చిల్లుపడేదాకా వదలవా ఏంటి?” ఉరిమే మబ్బు కురవదని తెలిసీ పైకి చూడటం మానని రైతులా అయిపోయింది ఆమె బతుకు.

ఆరోజు ఆఖరి భాగం. ఉక్కురెక్కలవాడు వేరే లోకానికి వెళ్లిపోతున్నాడు. తెరమీద నర్సు వీపు మాత్రమే కనిపిస్తోంది. కాగితంలో ‘నిట్టూర్పు, జాగ్రత్త’ అని రాసుంది. డబ్బింగు చెప్పేవాళ్లకి ఒక సంగతి తెలుసు. పెదాలు కనపడితే బొమ్మ ఆడించినట్టు ఆడాలి. మొహం కనపడని చోట ఏ మాటైనా ఇమిడిపోతుంది. ఇన్నేళ్లలో ఆమె ఆ సందు ఎప్పుడూ వాడుకోలేదు.

“చెప్పు. చెప్పకుండా పోకు” అంది మైకులో.

పక్కన ఉరుము తన డైలాగు మరిచిపోయాడు.

“ఏంటమ్మా, కాగితంలో లేదే?” అద్దం అవతలనుంచి డైరెక్టరు.

“మొహం కనపడదు కదండీ, సరిపోతుంది.”

“సరిపోవడం సంగతి కాదమ్మా. ఆడపిల్లే నోరు తెరిచి అడిగితే వాడి హీరోతనం ఏమైపోవాలి? నువ్వు మామూలుగా నిట్టూర్చేసెయ్. అందులో నీ అంత బాగా నటించేవాళ్లెవరు!”

“ఇన్నాళ్లూ నటించలేదండీ.”

ఆమె హెడ్‌ఫోను తీసి పక్కన పెట్టి ఉరుమువైపు తిరిగింది. అతని పెదాలు కదిలాయి, ఆగాయి. చూపు తలుపుకేసి పోయింది.

“తర్వాత... బయట మాట్లాడుకుందామండీ” అన్నాడు, చినుకంత గొంతుతో.

ఆమెకి నవ్వొచ్చింది. వెంటనే కళ్లు నిండాయి. ఈ పిరికి మనిషంటే ఎంత ఇష్టం తనకి!

“మీరేం చెప్పొద్దులెండి” అంది. “నేను చెబుతాను. విన్నాక వెళ్లిపోయినా సరే.”