నాలుగు తలుపుల బండి

బాలత్రిపురసుందరికి ఆరేళ్ళుగా నడుం నొప్పి. అత్తగారు చౌడేశ్వరమ్మకు పక్షవాతం వచ్చి కాళ్ళు పడిపోయినప్పటి నుంచి ప్రతి సోమవారం ఒకటే తంతు. ఆవిణ్ణి చంకల కింద చేతులు వేసి ఎత్తడం, బస్సెక్కించడం, ఉయ్యూరు వైద్యుడి దగ్గర దించడం, సాయంత్రం మళ్ళీ బెజవాడకు మోసుకు రావడం. ఆవిడ కాళ్ళు వేలాడేసి కూర్చోలేదు. దారి పొడుగునా ఆ కాళ్ళు సుందరి ఒళ్ళోనే.

రెండో ప్రపంచయుద్ధం అయ్యాక ఇంగ్లండు నుంచి కార్లు మళ్ళీ వస్తున్నాయి. భర్త మల్లేశ్వరరావు ఒకటి కొందామన్న రోజు సుందరి పొయ్యి ముందు కాసేపు ఊరికే కూర్చుంది.

మర్నాడు ముగ్గురూ జట్కాలో గవర్నర్‌పేట మోటారు దుకాణానికి వెళ్ళారు. గుమాస్తా లాజరు అత్తగారికి కుర్చీ వేయించి బండ్లు చూపించాడు. పొడుగాటిది, పొట్టిది, టాపు లేనిది, వెనక మూటలు వేసుకునేది.

"ఇన్ని రకాలెందుకండీ లాజరు గారూ? అన్నీ పోయేది ఆ కాలవగట్టు మీదేగా?" అన్నాడు మల్లేశ్వరరావు.

"చీరల కొట్టు పెట్టుకుని ఆ మాటంటావేంట్రా?" అంది చౌడేశ్వరమ్మ. "పామర్రు వాళ్ళకి బురద కనపడని ముదురు రంగు కావాలి. ఉయ్యూరు వాళ్ళకి బెత్తెడంచు కావాలి. అందరికీ ఒకటే నేసి కూర్చుంటే చివరికి నువ్వే కట్టుకోవాలి."

లాజరు పడీ పడీ నవ్వాడు. "అంతేనమ్మా. పొలాలున్న ఆయన ఎత్తు బండి అడుగుతాడు, ప్లీడరు గారు పొడుగాటిది అడుగుతాడు. అడిగేవాణ్ణి బట్టే చేస్తారు."

"సీట్లు తోలువా?" అడిగింది అత్తగారు.

"చాలావాటికి తోలేనండి."

"తోలు మీద నేను కూర్చోను. మడి."

లాజరు ఓ మూలనున్న చిన్న బూడిదరంగు కారు చూపించాడు. దానికి గుడ్డ సీట్లు. అత్తగారు తన కుర్చీని కారు దగ్గరకు జరిపించుకుని, కిటికీలోంచి చెయ్యి పెట్టి సీటు తడిమింది.

"పడుగు గట్టిగానే పెట్టాడు. పేక కాస్త వదులు. ఫర్వాలేదు."

"రేపే ఇంటికి తీసుకుపోవచ్చు" అన్నాడు లాజరు. మల్లేశ్వరరావు మొహం వెలిగిపోయింది.

తలుపులు చూసింది సుందరి ఒక్కతే. అటొకటి, ఇటొకటి. అత్తగారు కాళ్ళు చాపుకునే వెనక సీటుకు వెళ్ళాలంటే ముందు సీటు మడవాలి.

"అమ్మను ఒకసారి ఎక్కించి చూడు" అన్నాడు భర్త.

ఆమె వంగి, దూరి, వెనక సీటు మీదికి చేరి, అత్తగారి చంకల కింద చేతులు వేసి లాగింది. సగంలో నడుం పట్టేసింది. "అమ్మా!" అంటూ కూలబడింది. అత్తగారు సగం మడిచిన సీటు మీద, సగం ఆమె ఒళ్ళో.

"దిగు సుందరీ. అంతా చూస్తున్నారు."

"దిగనండీ."

"ఏమిటీ?"

"ఇది ఎవరి కోసం చేశారో గాని, ఎత్తి కూర్చోబెట్టాల్సిన అత్తగారున్న వాళ్ళ కోసం మాత్రం చెయ్యలేదు. నాలుగు తలుపులది కొంటానంటేనే దిగుతాను."

"నాలుగు తలుపుల దానికి తోలు సీట్లేనమ్మా" అన్నాడు లాజరు మెల్లగా.

చౌడేశ్వరమ్మ మెడ తిప్పి, నడుం నిటారు చేయలేక ఒరిగిపోయిన కోడల్ని చూసింది.

"తోలు మీద గొంగళి పరిస్తే మడి పోదులేరా" అంది చివరికి.

"ఈ మాట ఇందాకే అనొచ్చుగా అత్తయ్యా!"

"ఆరేళ్ళలో నడుం నొప్పని నువ్వెప్పుడన్నా అన్నావుటే?"

నాలుగు తలుపుల బండికి ఇప్పుడు ఆర్డరిస్తే మద్రాసుకు ఓడలో రావడానికి నాలుగు నెలలు పడుతుందన్నాడు లాజరు. సుందరి మనసులో లెక్కపెట్టుకుంది. ఇంకో పదహారు సోమవారాలు.

మల్లేశ్వరరావు దానికే సరేనని ఇద్దరినీ దింపించి, కారు రంగుల అట్ట తెచ్చి భార్య ముందు పెట్టాడు. "నీకే రంగు ఇష్టమో చెప్పు."

తన ఇష్టం ఏమిటని ఆ ఇంట్లో ఎవరన్నా అడగడం అదే మొదలు. సుందరి అట్ట చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. ఏదీ తోచలేదు.

"ఏదైనా సరేనండీ" అంది. "తలుపులు మాత్రం మర్చిపోకండి."