ఆఖర్న వాన పడే సినిమాలు

సీరియల్లో ఆడవాళ్లు పట్టుచీర కట్టుకుని నిద్రపోతారు. తెల్లారి లేస్తే ఆ చీర నలిగి ఉండదు, తలలో పూలు వాడి ఉండవు. వంటింట్లో పొయ్యి ఉంటుంది గాని మసి ఉండదు. అత్త తలుపు చాటున నిలబడి కోడలి మాటలు వింటుంది. మా తర్లుపాడు పక్క పల్లెల్లో ఏ అత్తకూ ఆ తిప్పలు లేవు, కోడలు అనదలుచుకున్నది ఎదురుగానే అంటుంది. ఒక సీరియల్లో ఒకామె మెట్ల మీద నుంచి జారింది. సోమవారం జారడం మొదలుపెట్టిన మనిషి శుక్రవారానికి గాని కిందికి రాలేదు. ఈలోగా నాకు మూడుసార్లు రక్తం కడిగారు.

నా పేరు కాశయ్య. నేను సినిమాల పిచ్చి ఉన్న మనిషిని కాను. ఇంట్లో టీవీ పెడితే తువ్వాలు దులుపుకుని బయటికి పోయేవాణ్ణి. కిడ్నీలు రెండూ పోయాక వారానికి మూడు రోజులు మార్కాపురం వచ్చి డయాలసిస్ మిషన్ పక్కన పడుకోవలసి వచ్చింది. మిషన్ ఒంట్లో రక్తాన్ని బయటికి లాగి, కడిగి, మళ్లీ లోపలికి పంపుతుంది. నాలుగు గంటలు చెయ్యి కదపకూడదు. ఎదురుగా గోడకు టీవీ. కళ్లు మూసుకుంటే మిషన్ చప్పుడు వినాలి, తెరిస్తే టీవీ చూడాలి. అట్లా ప్రేక్షకుణ్ణయ్యాను.

రైతు సినిమాలంటే నాకు ఒళ్లు మంట. హీరో తెల్ల పంచె కట్టి, నల్లరేగడిలో నాగలి పట్టి పాట పాడతాడు. బోరు వేస్తే నీళ్లు తాటిచెట్టంత ఎత్తున ఎగురుతాయి, ఊరంతా తడుస్తూ చిందులేస్తుంది. నా చేలో వేసిన బోర్లలోంచి తెల్లటి దుమ్ము లేచింది. బండివాళ్లు పైపులు సర్దుకుని వెళ్లిపోయారు. ఎవరూ పాట పాడలేదు.

ఇంకో సినిమాలో కొడుకు తల్లికి కిడ్నీ ఇస్తాడు. తలుపు మీద ఎర్రలైటు వెలిగి ఆరిపోతుంది, డాక్టరు కళ్లద్దాలు తీసి నవ్వుతాడు, మరుసటి సీన్లో ఆ కొడుకు మంచు కొండల మీద హీరోయిన్‌ను ఎత్తుకుని గిరగిరా తిప్పుతుంటాడు. మా పెద్దవాడి కిడ్నీ నాకు సరిపోదన్నారు. చిన్నవాడిది సరిపోతుంది గాని వాడి భార్య ఒప్పుకోలేదు. ఆ పిల్లను నేను తప్పుపట్టను. ఆమె స్థానంలో ఉంటే నేనూ ఒప్పుకునేవాణ్ణి కాదు.

గదిలో మంచాలు కొన్నే. ఒక్కో మంచం మీద పొద్దున ఒకరు, పొద్దెక్కాక ఒకరు. నాది పొద్దుటి వంతు. నా తరవాత అదే మంచం మీదికి అర్ధవీడు నుంచి అలివేలమ్మ వచ్చేది. గొర్రెలు కాచుకునే వాళ్ల మనిషి. ఎముకలు తేలి సన్నగా ఉన్నా, నవ్వితే గదిలో అందరూ తిరిగి చూసేంత గట్టిగా నవ్వేది. సూదులు తీశాక నేను కాసేపు కూర్చుని దూది నొక్కి పట్టుకోవాలి. మిషన్ కడగడం అయ్యేదాకా ఆమె పక్కన స్టూలు మీద కాచుకోవాలి. మా పరిచయమంతా ఆ కాసేపట్లోనే.

తొమ్మిదింటికి టీవీలో సినిమా మొదలవుతుంది. ప్రకటనలతో కలిపి మధ్యాహ్నం దాకా సాగుతుంది. సినిమా సగానికి వచ్చేసరికి నా వంతు అయిపోతుంది, మిగతా సగంలో ఆమె వంతు మొదలవుతుంది. నేను ఏ సినిమాకూ ముగింపు ఎరగను, ఆమె ఏ సినిమాకూ మొదలు ఎరగదు.

ఉగాదికి ముందు ఒక సోమవారం నేను మిషన్లు చూసుకునే మోహన్‌కృష్ణతో ఇక రానని చెప్పాను. కోపంతో చెప్పలేదు. చేలోకి దిగలేను. తాగిన నీళ్లు ఒంట్లోనే నిలిచిపోతాయి గనక, దాహమైతే గుటకలు లెక్కపెట్టుకుని తాగాలి. ఇంట్లోవాళ్లు నా ముందు నీళ్లు తాగడానికి కూడా మొహమాటపడుతున్నారు. మానేస్తే కొద్ది రోజుల్లో అయిపోతుందని నాకు తెలుసు. అయిపోనీ అనుకున్నాను. మోహన్‌కృష్ణ ఏదో నచ్చచెప్పబోయాడు గాని, స్టూలు మీది అలివేలమ్మ అడ్డం వచ్చింది.

"ఈ పొద్దు ఏం సినిమా అన్నా?"

"ఏదైతే ఏందిలే అలివేలమ్మా."

"నీకు కాకపోతే నాకు కావాల. సగం నుంచి చూస్తాంటే ఎవరికి ఎవరు ఏమైతారో తెలీక తల పగిలిపోతాంది. మొదలు నువ్వు చెప్పు. ఆఖరు నేను చెప్తా."

"ఎప్పుడు చెప్తావు?"

"బుధవారం. నువ్వు రావాల గదా, చెప్పాలంటే."

చెప్పాను. బస్టాండులో టీ అమ్ముకునే తల్లి, చదువుకునే కూతురు. తల్లికి గుండె జబ్బు. కూతురి పరీక్ష రోజున తల్లి టీ గ్లాసులతో సహా కింద పడిపోయింది. సరిగ్గా అక్కడికి నా సూదులు తీసేశారు.

బుధవారం వెళ్లాను. వెళ్లింది ఆ టీ అమ్మే ఆమె కోసమేనని ఇప్పుడు ఒప్పుకుంటే తప్పేమీ లేదు.

"బతికింది" అంది అలివేలమ్మ. "బస్సు డ్రైవరు జనాన్ని దించకుండానే బస్సును ఆస్పత్రికి తిప్పినాడు. ఆఖర్న తల్లీకూతుర్లు బస్టాండులో నిలబడుకోనుంటే మంచి వాన పడింది."

నాకు చిర్రెత్తింది. గుండె జబ్బు అంత తేలిగ్గా నయమవుతుందా, బస్సు అంత తొందరగా పోతుందా, మన మార్కాపురం బస్టాండు నుంచి బయట పడడానికే ఎంతసేపు పడుతుంది అని ఆ సినిమా తీసినవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. నా తిట్లు పూర్తికాకముందే ఆమెను మంచమెక్కించారు. మిగతావి తిట్టడానికి శుక్రవారం రావలసి వచ్చింది.

అప్పటినుంచి అదే పద్ధతి. నేను మొదలు చెప్పడం, ఆమె ఆఖరు చెప్పడం, నేను తిట్టడం. పోలీసు సినిమా ఆఖర్న గజదొంగ మారిపోయి గొర్రెల మంద కొనుక్కున్నాడట. దయ్యం సినిమా ఆఖర్న దయ్యం తన బిడ్డను ఒక్కసారి ముద్దు పెట్టుకుని, వాన మొదలవగానే వెళ్లిపోయిందట. కోర్టు సినిమాలో జడ్జి తీర్పు చదువుతుంటే బయట వాన.

"ఈ సినిమా వాళ్లకు వాన తప్ప ఇంకోటి చేతగాదా?" అన్నాను ఒకరోజు.

"వాన పడితే బాగుంటది గదా అన్నా. పడనీ" అని నవ్వింది.

నా అభిప్రాయం ఏమిటంటే, ఇప్పటి సినిమాలు మనుషుల్ని మోసం చేస్తున్నాయి. చావవలసిన వాళ్లు చావరు. అందరూ కోలుకుంటారు, అందరూ కలుసుకుంటారు. ఈ మాట ఇంట్లో మా ఆవిడతో గట్టిగా వాదించాను కూడా. సినిమాల్లో చచ్చేవాళ్లు చస్తూనే ఉన్నారు, నువ్వేం చూస్తున్నావో అని ఆమె నా వంక వింతగా చూసింది. ఆమెకు సినిమాలు తెలియవనుకున్నాను.

మే నెలలో ఒక సోమవారం అలివేలమ్మ రాలేదు. బుధవారం కూడా రాలేదు. ఆమె కొడుకు అంకన్న వచ్చాడు. తల్లి నన్ను అన్నా అనేది గనక అతను నన్ను మామా అంటాడు. స్టూలు మీద కూర్చోకుండా గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"సోమవారం గంగమ్మకు చేసుకున్నాం మామా. అందుకే అమ్మను ఆ పొద్దు తీసుకరాలేదు. అమ్మవారి కాడ కొట్టిన కాయల నీళ్లు ఉన్నాయి. మా పెద్దమ్మ చెంబునిండా పోసి ఇచ్చింది. సూదులకు మందులకు ఒళ్లు కాగిపోయింది, కిడ్నీలకు చలవ చేస్తది, తాగమనింది. వద్దని అమ్మకు తెలుసు మామా. అమ్మవారి ముందర ఎట్ల వద్దనేది అని తాగింది."

కొబ్బరినీళ్లు మాలాంటి వాళ్లకు విషం. వాటిలో ఉండే పొటాషియం అనే ఉప్పు ఒంట్లోంచి బయటికి పోయే దారి లేక గుండెను నిలిపేస్తుంది. మేం వచ్చిన ప్రతిసారీ మోహన్‌కృష్ణ ఆ మాట చెబుతాడు. ఊళ్లో మాత్రం మంచమెక్కిన ప్రతి మనిషికీ ముందు తాపేది కొబ్బరినీళ్లే.

"తెల్లారి లేపితే లేయలేదు" అన్నాడు అంకన్న. "ఎంత ఇష్టంగా తాగిందో మామా. ఎన్నాళ్లకో దాహం తీరిందనింది" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. దూది నొక్కి పట్టుకోవడం మరిచిపోయాను, చొక్కా మీద రక్తం పడింది.

ఆమె వంతు ఖాళీ అయింది. నీకు చీకటితో లేచి బస్సు పట్టుకునే బాధ తప్పుతుంది, ఆ వంతు తీసుకో అన్నాడు మోహన్‌కృష్ణ. నాకు ఏ వంతైనా ఒకటే అనిపించి తీసుకున్నాను. నా పొద్దుటి వంతులోకి దొనకొండ నుంచి పావని అనే అమ్మాయి వచ్చింది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. చిన్న పిల్లలు ఇద్దరు. ఎవరితోనూ మాట్లాడదు.

టీవీలో వేసిన సినిమానే మళ్లీ మళ్లీ వేస్తారు. కొన్నాళ్లకు ఆ టీ అమ్మే తల్లి సినిమా మళ్లీ వచ్చింది. ఈసారి నేను సగం నుంచి చూశాను. తల్లి బస్టాండులోనే చచ్చిపోయింది. బస్సు ఎక్కడికీ తిరగలేదు. మిగతా సగమంతా కూతురు ఆమె ఫోటో పట్టుకుని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి తిరగడమే. ఆఖర్న మండే ఎండలో ఒక ఏటిగడ్డ మీద ఆ ఫోటో పెట్టి వెళ్లిపోయింది. ఎక్కడా చినుకు లేదు.

నేను మోహన్‌కృష్ణను పిలిచాను.

"అలివేలమ్మ ఈ సినిమా చూసింది గదా. నాకు వేరే చెప్పిందే?"

"ఆమె ఎప్పుడు చూసింది పెద్దాయనా?" అన్నాడతను. "సూది పెట్టంగానే బీపీ పడిపోయేది. ముఖం మీద కొంగు కప్పుకోని పండుకొనేది. నాలుగు గంటలూ కళ్లు తెరిచేది కాదు."

ఆ రోజు ఇంటికి పోయేదాకా నాకు ఆమె మీద కోపమే. నేనొక పిచ్చోణ్ణి, లేని సినిమాలను పట్టుకుని వాదించాను, లేని డైరెక్టర్లను తిట్టాను. బస్సు దిగి నడుస్తుంటే కోపం పోయింది. కళ్లు తెరిచే ఓపిక లేని మనిషి, మిషన్ దగ్గర పడుకుని నాకోసం ఎన్ని కథలు అల్లుకుందో. బుధవారానికి ఒకటి, శుక్రవారానికి ఒకటి.

ఆషాఢంలో ఒక బుధవారం పావని దూది నొక్కి పట్టుకుని కూర్చుంది. నేను స్టూలు మీద ఉన్నాను. ఆ అమ్మాయి నేలచూపులు చూస్తూ, తనలో తను అనుకున్నట్టు చెప్పింది.

"మానేద్దామనుకుంటుండా పెదనాయనా. పిల్లలను మా అమ్మ చూసుకుంటది. వాళ్లు నన్ను ఇట్ల చూడడం నాకు బాలేదు."

ఈ మాటకు ఏం చెయ్యాలో తెలిసిన అలివేలమ్మ ఇప్పుడు లేదు. ఆమె ఏం చేసిందో మాత్రం నాకు తెలుసు. టీవీ వైపు చూశాను. గనిలో చిక్కుకుపోయిన కూలీ సినిమా, అప్పుడే సగానికి వచ్చింది.

"ఇదేం సినిమా అమ్మా? మొదలు చెప్పు. ఆఖరు నేను శుక్రవారం చెప్తా" అన్నాను.

ఆ అమ్మాయి నాలుగు ముక్కల్లో చెప్పింది. శుక్రవారం వచ్చింది కూడా. నేను గబగబా స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. సినిమాలో ఆ కూలీ బయటికి రాలేదు. భార్య గని ముందు కూర్చుని ఉండగానే అయిపోయింది.

"బయటికొచ్చినాడమ్మా" అన్నాను. "ఊరోళ్లంతా కలిసి తవ్వి తీసినారు. భార్యాపిల్లలూ అందరూ ఉండారు. ఆఖర్న వాన పడింది."

పావని దూది తీసి చూసుకుని, మళ్లీ నొక్కి పట్టుకుంది.

"నేను ఆ సినిమా ఎప్పుడో ఫోన్‌లో చూసినా పెదనాయనా. వాడు లోపలే చచ్చిపోతాడు. వాన పడదు." ఆ గొంతులో కోపం లేదు. "నాకు అట్ల చెప్పొద్దు."

"సరేనమ్మా" అన్నాను. అలివేలమ్మ అయితే ఇంకోటి అల్లేది. నాకు తిట్టడం తప్ప అల్లడం రాదు.

సోమవారం, పావని వచ్చిందో లేదో చూద్దామని నా వంతుకు చాలా ముందే నేను వెళ్లేసరికి మోహన్‌కృష్ణ ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. అవతల పావని మొగుడు. రానని తలుపేసుకుని పడుకుందట, ఎవరు చెప్పినా వినడం లేదట. ఇతను ఇంకా ఏదో చెబుతుండగానే అవతల ఫోన్ పెట్టేశారు. మంచం ఖాళీగా ఉంది గదా, నువ్వు ముందే పడుకో పెద్దాయనా అన్నాడు.

సూదులు పెట్టేసరికి తొమ్మిదైంది. టీవీలో పేర్లు పడుతున్నాయి. మొదటిసారి ఒక సినిమాను మొదటి నుంచి ఆఖరు దాకా చూశాను. దానికి మొదలెవరూ నాకు చెప్పనక్కర్లేదు, ఆఖరు నేనెవరికీ చెప్పనక్కర్లేదు. పక్కన స్టూలు గోడవైపు జరిపి ఉంది.

"ఎట్ల ఉంది పెద్దాయనా సినిమా?" అన్నాడు మోహన్‌కృష్ణ, సూదులు తీస్తూ. నేను తిడతానని, వినడానికి సిద్ధంగా నిలబడ్డాడు.

"బాగానే ఉందిలే" అన్నాను.