మొగిలమ్మకు వచ్చిన జవాబు

ఆదివారమని పేరే గానీ వరలక్ష్మికి తీరిక లేదు. కిరసనాయిలు స్టవ్వు మీద పప్పు ఉడుకుతుంటే ఆఫీసు కాగితం సాఫు రాస్తోంది. ఆమె రాత ముత్యాల్లా ఉంటుందని, హెడ్‌క్లర్కు మొగుడు వెంకటేశ్వర్లు పదేళ్లుగా ఇంటికి మోసుకొచ్చే పని అది. మెప్పు మాత్రం ఆయనకే.

ఈ కాగితం ధర్మసాగర్ బాల్వాడీ ఆయా మొగిలమ్మది. తనను పనిలోంచి ఎందుకు తీసేశారని మూడు అర్జీలు పెట్టుకుంటే ఎవరూ పలకలేదు. ఎవరో వకీలు పుణ్యమా అని హైకోర్టులో రిట్ వేసింది. నాలుగు వారాల్లో అర్జీ తేల్చాలి, కాదంటే కారణం రాసివ్వాలి అని కోర్టు, వెంకటేశ్వర్లు పైన ఉన్న ఆఫీసరును ఆదేశించింది. రాయడానికి కారణం దొరక్క మళ్లీ పనిలోకి తీసుకుంటున్నామని ఇప్పుడీ కాగితం. గడువు ఇవాళే.

"ఆయాకు గూడ జవాబు రాయాల్నట! ఏం కాలమొచ్చిందే!" అంటూ వెంకటేశ్వర్లు సైకిలు మీద వెళ్లి ఆఫీసరు సంతకం పెట్టించుకొచ్చాడు. మొగిలమ్మను ఇంటికే పిలిపించి, తనే కుర్చీ జరిపాడు.

"కూసో అమ్మా," అని కాగితం చదివి వినిపించాడు.

"సమజ్ కాలే సారూ. జర నిమ్మళంగ సదువుండ్రి."

మళ్లీ మొదటినుంచీ చదివాడు!

చాయ్ గ్లాసుతో గుమ్మంలో నిలబడ్డ వరలక్ష్మికి ఒళ్లు మండిపోయింది. అది అసూయే, ఇంకో పేరు పెట్టుకోవడం దేనికి? సవతి వచ్చి కూర్చున్నా అంత కుళ్లుకునేది కాదేమో. తను అడిగినదానికి ఈ మనిషి ఎన్నడైనా తిన్నగా జవాబిచ్చాడా? హసన్‌పర్తి బడిలో టీచరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ కార్డు వచ్చి నెలయింది. వెళ్లనా అని మూడుసార్లు అడిగింది. ఒకసారి "చూద్దాం తీ" అన్నాడు. ఇంకోసారి "కూరల ఉప్పెక్కువైంది" అన్నాడు. మూడోసారి పేపరు తిరగేశాడు. ఇంటర్వ్యూ రేపే. వద్దంటే పోట్లాడొచ్చు, ఏడవొచ్చు. 'చూద్దాం'తో ఎలా పోట్లాడేది? మొగిలమ్మకు హైకోర్టు ఉంది. తనకెవరున్నారు?

మొగిలమ్మ వేలిముద్ర వేసి, కాగితం కొంగున ముడేసుకుని, "పోయొస్త అక్కా" అని నవ్వింది.

"అన్నం పెట్టు," అన్నాడు వెంకటేశ్వర్లు, పీట మీద కూర్చుంటూ.

"రేపు నేను హసన్‌పర్తి పోతాన. వద్దంటే, ఎందుకు వద్దో రాసియ్యండి."

ఆయన పెద్దగా నవ్వాడు. "నేను నీకు రాసియ్యాల్నా? ఏ కోర్టు చెప్పిందే?"

"ఏ కోర్టూ చెప్పలే," అంది వరలక్ష్మి. "నేను చెప్తాన."