రేకు వంగని దీపం

లిఫ్టు ఆగిపోయిందని మా అల్లుడు ఒప్పుకోవడానికే చాలాసేపు పట్టింది. "ఇప్పుడొచ్చేస్తుంది కరెంటు, మీరు కంగారుపడకండి అత్తయ్యా" అంటూ స్టీరింగు మీద దరువు వేస్తూ కూర్చున్నాడు. అది మనుషులెక్కే లిఫ్టు కాదు. కార్లను నేలకింది పార్కింగుకు దించే ఇనప్పెట్టె. అందులో మేం ముగ్గురం, కారుతో సహా ఇరుక్కున్నాం.

ఆ కారు మాది కూడా కాదు. మా అమ్మాయీ అల్లుడూ హెడ్‌లైట్లు బాగుచేసే షాపు నడుపుతారు. అతను మాట్లాడతాడు, అమ్మాయి పని చేస్తుంది. హై బీమ్ పడటం లేదని ఒకాయన ఈ కారు ఇచ్చి వెళ్లాడు. సామాను దొరకలేదు. సెలవుల తర్వాత చూద్దామని, ఆయన ఆఫీసున్న బిల్డింగులోనే కారు పెట్టి, వాచ్‌మన్‌కి తాళాలిచ్చి పోదామనుకున్నారు. తిరిగొచ్చేటప్పుడు చెప్పులు కొనిపెడతామంటే నేనూ ఎక్కి కూర్చున్నాను. కొత్త చెప్పుల ఆశ నన్ను ఎక్కడికి తెచ్చిందో చూడండి!

లిఫ్టు నేలకు జానెడు పైన ఆగింది. నేలకు సమంగా దిగితే తప్ప తలుపు తాళం వదలదట. తలుపంతా ఇనుమే. గుండెల ఎత్తులో మాత్రం అరచేతి వెడల్పు జాలీ పట్టీ ఒకటి ఉంది. అందులోంచి చూస్తే పార్కింగు ఆ చివర ఎమర్జెన్సీ లైటు వెలుగులో వాచ్‌మన్ గది కనిపించింది. అతను మాకు వీపు పెట్టి యూనిఫాం చొక్కా విప్పుతున్నాడు.

"ఇంటికి పోతున్నాడే!" అన్నాను. సెలవులకని తాళం వేసి పోతే, మళ్లీ ఆ గేటు ఎప్పుడు తీస్తారో ఎవరికి తెలుసు? ఫోనుల్లో సిగ్నలు లేదు. గొంతు చించుకుని అరిచాం. గోడ అవతల పక్క బిల్డింగు జనరేటర్ రొద మా అరుపులన్నీ మింగేసింది. హారన్ కొడితే అదీ అంతే.

"లైట్లు కొట్టి చూపిస్తా" అని అల్లుడు మీట పట్టుకుని వెయ్యడం, ఆర్పడం, వెయ్యడం, ఆర్పడం మొదలుపెట్టాడు.

"ఏమండీ! ఆపండి!" అని అమ్మాయి కేకేసింది. అప్పటికే ఎడమ దీపం ఒకసారి వణికి కన్నుమూసింది. మళ్లీ వెలగలేదు.

"జినాన్ దీపాన్ని ఊరికే వేసి ఆర్పకూడదని షాపు గోడ మీద ఇంతలావు అక్షరాలతో రాసిందెవరు? మీరు కాదూ?"

"అది కస్టమర్ల కోసం రాశానే" అన్నాడు పాపం, నీళ్లు నములుతూ.

షాపులో అమ్మాయి బల్ల పక్కన కూరగాయలు తరుగుతూ నేనూ కొంత నేర్చుకున్నాను. ఆ దీపంలో తీగ ఉండదు. చిన్న గాజు గుళికలో గాలిలాంటిదేదో నింపి, రెండు మొనల మధ్య పెద్ద మెరుపు కొట్టించి వెలిగిస్తారు. వెలిగిన ప్రతిసారీ ఆ మెరుపు కొట్టాల్సిందే. అందుకని ఆర్పి ఆర్పి వేస్తే, మెరుపునిచ్చే డబ్బాకు ప్రాణం మీదికొస్తుంది. మరి డిమ్మూ హై బీమూ ఎలాగంటారా? దీపం ఒక్కటే. ముందు చిన్న రేకు అడ్డం నిలబడి పైకిపోయే వెలుగును ఆపుతుంది, అది డిమ్ము. చిన్న మోటారులాంటిది లాగితే రేకు వంగి వెలుగంతా బయటికొస్తుంది, అది హై బీమ్. ఈ కారులో వంగనిది ఆ రేకే.

మిగిలిన కుడి దీపం వెలుగు తలుపు మీద గీత గీసినట్టు పడింది. ఆ గీత జాలీకి బెత్తెడు కింద ఆగిపోయింది. వెలుగూ మాతోపాటే ఇరుక్కుంది.

"ముగ్గురం డిక్కీలో కూర్చుందాం. వెనక దిగితే ముందు లేస్తుంది" అన్నాడు అల్లుడు. నన్నూ ఎక్కించాడు. గీత నిజంగానే పైకి పాకింది. చప్పట్లు కొట్టబోయాను. అంతలో ముందునుంచి సన్నగా గుర్రుమని, గీత మళ్లీ కిందికి జారింది. బరువు పెరిగితే దీపాన్ని దించే ఏర్పాటు కూడా ఉందట, ఎదుటివాళ్ల కళ్లలో పడకుండా.

"ఇంజన్ వేస్తే వెలుగు పెరుగుతుందేమో, చూడనా?" అన్నాడు.

"వద్దు! పొగకే పోతాం" అని అమ్మాయి దిగి బానెట్ ఎత్తింది. "రేకును నేనే వంచుతా. దీపం వెనక మూత తీస్తే అందుతుంది."

"దీపం ఆర్పి చెయ్యి" అన్నాడతను.

"ఇదీ మళ్లీ వెలగకపోతే?"

అతను స్క్రూడ్రైవర్ చేతికందించబోయాడు.

"బాగుంది! అది పెడితే దీపం కంటే ముందు నేను వెలుగుతాను. అమ్మా, ప్లాస్టిక్‌ది ఏదైనా ఉందా?"

"ఒద్దే తల్లీ, నీకేమైనా అయితే నేను బయటికెళ్లి ఏం చేసుకోను!" అన్నాను. అలా అంటూనే సంచీలోంచి తోక దువ్వెన తీసిచ్చాను. జాలీలోంచి చూస్తే వాచ్‌మన్ భుజాన సంచీ వేసుకుంటున్నాడు.

అమ్మాయి పెదవి కొరుక్కుంటూ దువ్వెన తోకను లోపలికి పోనిచ్చింది. వేడికి ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. "ఎడమకి... ఇంకాస్త... దొరికింది" అంది. తలుపు మీది గీత చెరిగిపోయింది. వెలుగు జాలీలోంచి దూకి, పార్కింగు దాటి, ఎదుటి గోడనంతా తెల్లగా ముంచేసింది. అమ్మాయి దువ్వెనను వదులుతూ, నొక్కుతూ ఉంటే గోడ కళ్లార్పుతున్నట్టుంది. దీపం మాత్రం ఆరలేదు.

వాచ్‌మన్ తిరిగాడు. చెయ్యి కళ్లకడ్డం పెట్టుకుని, మండిపడుతూ మా వైపే వచ్చాడు. జాలీ దగ్గరికొచ్చాక గానీ మాట వినబడలేదు.

"ఎవడ్రా అది? కళ్లు పోతున్నాయ్, డిమ్ కొట్టు!"

మా అల్లుడు అలవాటు కొద్దీ డోరు తీసి మీట మీదికి చెయ్యి చాచాడు. "చెయ్యి తియ్యండి!" అని ఇద్దరం ఒక్కసారే అరిచాం.

"లోపల మనుషులున్నారా?" అన్నాడు వాచ్‌మన్ తెల్లబోయి.

"లేరు నాయనా, కారే మాట్లాడుతోంది! ఆ తలుపు సంగతి చూడు" అన్నాను.

అతను సంచీ అక్కడే పారేసి, లిఫ్టును చేత్తో తిప్పే చక్రం కోసం పరుగెత్తాడు.

"ఇక వదిలెయ్యవే, చూశాడుగా" అన్నాడు అల్లుడు.

"తలుపు తెరుచుకోనివ్వండి" అంది అమ్మాయి. దువ్వెన నొక్కిపట్టే ఉంది. నేను వెళ్లి ఆమె మోచేతిని రెండు చేతులా పట్టుకున్నాను. కిందనుంచి గొలుసు కదిలిన చప్పుడు వచ్చింది. కాళ్ల కింది లిఫ్టు అంగుళం అంగుళంగా దిగసాగింది.