చుక్కాని దగ్గరి బొమ్మ

సన్యాసమ్మ నోరు మంచిది కాదని పేటంతా ఒప్పుకుంటుంది, ఆమెతో సహా. పూండి సంతలో చేపలమ్మే మనిషికి మెత్తటి నోరుంటే సరుకు గంపలోనే కుళ్లుతుందని ఆమె వాదన. అలాంటిది ఆ పొద్దున గంగమ్మ పండగలో చాలాసేపు నోరు కట్టుకునే నిలబడింది.

అంతా కూతురు భాను కోసమే. టెక్కలిలో పాలిటెక్నిక్ చదివే ఆ పిల్ల, లోకం చుట్టి రికార్డు కొట్టిన పందెం పడవని ఫోన్‌లో చూసి, వేసవంతా కూర్చుని దాని నమూనా చేసింది. విరిగి ఒడ్డున పడున్న పాత తెప్ప కర్రలోంచి ఆ పడవకున్నట్టే పక్కపక్కనే రెండు సన్నటి పడవ పొట్టలు చెక్కి, అడ్డకర్రలతో కలిపింది. అసలు పడవకి ఇరవై ఐదో వంతు, వెంట్రుకవాసి తేడా లేదు. తెరచాపకి తల్లి నీలం చీర కత్తిరించి తిట్లు తింది. అదే చీర పేలికతో ఆడబొమ్మ కుట్టి చుక్కాని దగ్గర నిలబెట్టింది.

చిన్నదైనా పెద్దదైనా కొత్త పడవ గంగమ్మ పూజ అయ్యాకే నీళ్లు తాకాలి. పూజ చేయించే పెద్ద దాలయ్య ఆ బొమ్మని చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఆడది పడవెక్కితే గంగమ్మకి కోపమొత్తది. బొమ్మ తీసీండి, కాయ కొడతాను."

"ఆ పడవని నడిపింది ఆడమనిషే తాతా," అంది భాను.

"అది ఆళ్ల సముద్రం. ఇది మనది."

మగవాళ్లు నవ్వారు. భాను కళ్లనీళ్లతో బొమ్మ కేసి చెయ్యి చాచింది. అది చూసి సన్యాసమ్మకి ఒళ్లు మండిపోయింది. కాపరానికొచ్చిన నాటి నుంచి ఈ ఒడ్డున ప్రతి పడవకీ పసుపు రాసింది తను. ఒక్కదానిలోనూ కాలు పెట్టనివ్వలేదు.

"తియ్యకు," అంది కూతురితో. తర్వాత దాలయ్య వైపు తిరిగింది. "పసుపు రాయడానికి ఆడది కావాల, ఎక్కడానికి పనికిరాదేటి మావా? గంగమ్మేటి, మగోడా?"

"నాను కాయ కొట్టను."

"కొట్టకు."

తనే రెండు పొట్టలకీ పసుపు రాసింది, కుంకం పెట్టింది, రాతి మీద కాయ కొట్టింది. నమూనాని ఎత్తుకుని నడుం లోతు నీళ్లలోకి నడిచి వదిలింది. మొదటి అల దాన్ని ఒక పక్కకి లేపేసింది. ఒడ్డున ఎవరో పోయిందన్నారు. పోలేదు. ఒడ్డు మీంచి వీచే పొద్దుటి గాలికి నీలం చాప నిండి, పడవ అల దాటింది.

"ఒలే కోడలా," అని దాలయ్య కేకేశాడు, "ఇంతకీ ఎవులే ఆ బొమ్మ?"

సన్యాసమ్మ వెనక్కి తిరగలేదు.

"నానే మావా. సీర సూసి పోల్చలేదేటి? ఎక్కీసినాను."